పెన్సిలు ములుకులోని పొర

కాగితముపై పెన్సిలుతో గీచినపుడు ఏర్పడు నలుపు సీసము కాదు. అది బంకమన్నుతో కలిపి కాల్చిన గ్రాఫైటు. గ్రాఫైటు కర్బనము యొక్క ఒక రూపము. అందలి పరమాణువులు తేనెపట్టు గదులవలె ఆరుమూలల వలగా అల్లుకొని పొరలుగా నేర్పడి, ఆ పొరలు ఒకదానిపై నొకటి పేరుకొని యుండును. పొరలోని బంధములు మిక్కిలి దృఢమైనవి. పొరకును పొరకును నడుమ నున్న ఆకర్షణ మాత్రము స్వల్పము. కావుననే ములుకు కాగితమును రాచుకొనగానే పొరలు జారి దాని నంటుకొనును. ఒక మిల్లీమీటరు మందము గల గ్రాఫైటులో ఇట్టి పొరలు సుమారు 30 లక్షలు.

పొరలుగా విడివడు పదార్థములు తెలుగువారికి క్రొత్తవి కావు. గూడూరు, సైదాపురము ప్రాంతముల గనులలో దొరకిన అభ్రకమును, అనగా కాకిబంగారమును, అచ్చటి పనివారు చాకుతో రేకులు రేకులుగా చీల్చుచుండిరి. కాని అట్లు చీల్చిన పలుచని రేకులో సైతము వేలకొలది పొరలు మిగిలియే యుండును.

ఒకే పరమాణువు మందము గల పొరను విడదీయవచ్చునా? లండౌ, పైయర్ల్స్ అను భౌతికశాస్త్రజ్ఞులు 1930-40 నడుమ దీనిని విచారించి, అట్టి పొర నిలువజాలదని గణితముచే చూపిరి. వేడిమివలన పరమాణువులు కంపించుచుండును గదా; ఆ కంపనమే దానిని చెదరగొట్టునని వారి వాదము. అట్టి మహాపండితుల మాటను కాదని ప్రయత్నించుట సామాన్యుల పని కాదు.

ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆంద్రె గైమ్ అను ఆచార్యుడు అట్టి సాహసములకు వెనుదీయువాడు కాడు. అంతకుముందు 1997లో బలమైన అయస్కాంతముచే బ్రతికియున్న కప్పను గాలిలో తేల్చిన వాడతడే! నియమిత కార్యమునకు వెలియైన ఇట్టి ప్రయత్నములకు అతని ప్రయోగశాలలో 'శుక్రవారపు రాత్రి ప్రయోగములు' అని పేరు. గ్రాఫైటును పలుచన చేయుమని అతడొక విద్యార్థికి చెప్పగా, ఆ యువకుడు దిమ్మనంతను అరగదీసెను. పలుచని పొర మాత్రము దక్కలేదు. అప్పుడు వేరొక మార్గము కానవచ్చెను. సూక్ష్మదర్శినులతో పనిచేయువారు గ్రాఫైటు పైభాగమును శుభ్రము చేయుటకు సెల్లోటేపును అంటించి ఊడబెరికి, ఆ టేపును చెత్తబుట్టలో వేయుచుండిరి. వారు పారవేయుచున్న దానిపైననే కావలసిన తునకలు ఉండెను.

గైమ్ శిష్యుడగు కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ ఆ పని చేపట్టెను. టేపును మడచి విప్పుచు తునకలను మరల మరల చీల్చి, వానిని సిలికాను పలకపై నొత్తిరి. పలకపై 300 నానోమీటరుల మందము గల ఆక్సైడు పూత కలదు. (నానోమీటరనగా మీటరులో వందకోట్లవ భాగము.) ఆ పూత వలన కలుగు రంగుల తేడాచే ఒంటిపొర సామాన్య సూక్ష్మదర్శినిలో సైతము కానవచ్చెను. పూత మందము తగినది కానిచో దానిని కనుగొనుట దుష్కరమై యుండెడిది. వారి వ్యాసమును ఒక ప్రసిద్ధ పత్రిక త్రిప్పి పంపగా, 2004 అక్టోబరులో మరియొక పత్రిక ప్రకటించెను. ఆ పొర పేరు గ్రాఫీను. 2010లో ఇరువురికిని భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. ఐనను పూర్వుల గణితము వ్యర్థము కాలేదు. పొర పలక నాశ్రయించి యుండెను. ఆశ్రయము లేనిచోట అది అతిసూక్ష్మములైన ముడుతలు పడి నిలుచునని పిమ్మట తెలిసెను.

గ్రాఫీనుతో ట్రాన్సిస్టరులు చేయవచ్చునని పలువురు ఆశపడిరి. ట్రాన్సిస్టరు కాలువకు కట్టిన తూము వంటిది. తలుపు ఎత్తిన నీరు పారును, దించిన ఆగును. గణనయంత్రముల లెక్కలన్నియు ఈ పారుట, ఆగుటలపైననే ఆధారపడి యున్నవి. గ్రాఫీనులో ఎలక్ట్రానులు అతివేగముగా సాగును; కాని తలుపు ఎంత దించినను ప్రవాహము పూర్తిగా ఆగదు. ఎలక్ట్రానులు నిండిన శక్తిస్థాయిలకును, ఖాళీ స్థాయిలకును నడుమ సిలికానునందు ఒక అంతరము కలదు. గ్రాఫీనునందు అది లేదు. ఎంత కీర్తి గడించినను, తూముగా పనికిరాని పదార్థమది!

అంతట పరిశోధకుల దృష్టి ఇతర పదార్థములపై ప్రసరించెను. మాలిబ్డినము డైసల్ఫైడు యంత్రములకు కందెనగా చిరకాలము వాడబడిన నల్లని పొడి. నడుమ మాలిబ్డినము, ఇరుప్రక్కల గంధకము, ఇట్లు మూడు వరుసల పరమాణువులు కలసి దానిలో ఒక పొర. మందము 0.65 నానోమీటరు. ఇది అర్ధవాహకము, దీనియందు అంతరము కలదు. 2011లో స్విట్జర్లండు దేశపు లొజాను నగరములోని సాంకేతిక విశ్వవిద్యాలయమువారు దీని ఒంటిపొరతో ట్రాన్సిస్టరు చేసిరి. తలుపు తెరచినప్పటి ప్రవాహము, మూసినప్పటి దానికంటె 10 కోట్ల రెట్లు అధికముగా నుండెను. సిలికానును ఇంత పలుచన చేసినచో పైభాగపు గరుకుదనము ఎలక్ట్రానుల నడకకు అడ్డుపడును. పొరలపై తెగి వ్రేలాడు బంధములు లేవు గనుక ఇచ్చట ఆ చిక్కు తక్కువ.

ఒక్క ట్రాన్సిస్టరుతో గణనయంత్రము కాదు. వేలకొలది కావలెనన్న టేపుతో పెరికిన తునకలు చాలవు. పదార్థమును ఆవిరిగా పంపి పలకనిండ పొరను పెంచవలెను. అట్లు పెరుగునపుడు అచ్చటచ్చట గంధకపు పరమాణువు లోపించును. లోపమున్నచోటి ట్రాన్సిస్టరు తక్కినవానివలె నడువదు. కొన్ని చెడినను పరికరమంతయు తప్పులు చెప్పును. 2017లో వియన్నా సాంకేతిక విశ్వవిద్యాలయమున 115 ట్రాన్సిస్టరులతో చేసిన పరికరము ఒకసారికి ఒక్క బిట్టును మాత్రమే లెక్కింపగలిగెను. 2025లో షాంఘై నగరపు ఫుదాన్ విశ్వవిద్యాలయమువారు 5,900 ట్రాన్సిస్టరులతో 32 బిట్ల పరికరమును నిర్మించిరి. చేతి టెలిఫోనులోని సిలికాను బిళ్ళలో ట్రాన్సిస్టరులు వందల కోట్లు.