గుర్తుంచుకొనే దీపాలు

వాకిలి గంట బొత్తాం నొక్కినంతసేపూ గంట మోగుతుంది. వేలు తీయగానే ఆగిపోతుంది. తనను నొక్కిన సంగతి గంటకు గుర్తుండదు. మరి వేలు తీసిన తరువాత కూడా వెలుగుతూ, ఏ బొత్తాం నొక్కామో చెప్పగల దీపాన్ని తయారుచేయగలమా? చేయగలం. దానితో మీ జ్ఞాపకశక్తిని పరీక్షించే ఆట కూడా ఆడుకోవచ్చు.

1978లో అమెరికాలో 'సైమన్' అనే ఆటవస్తువు వచ్చింది. దాన్ని రూపొందించినవారు రాల్ఫ్ బేయర్, హోవర్డ్ మారిసన్. అందులో నాలుగు రంగుల దీపాలు ఒక వరుసలో వెలుగుతాయి. ఆడేవారు అదే వరుసలో బొత్తాలు నొక్కాలి. వరుసను గుర్తుంచుకొని తప్పు పట్టేది లోపలి చిప్. గుర్తుంచుకోవడానికి పనికివచ్చే చిన్న విద్యుద్వలయాన్ని మనమే కడదాం.

కావలసినవి

బి.సి. 547 ట్రాన్సిస్టర్లు 2, ఎరుపు, ఆకుపచ్చ ఎల్.ఇ.డి. దీపాలు ఒక్కొక్కటి, 470 ఓమ్‌ల రెసిస్టర్లు 2, 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు 2, నొక్కుడు బొత్తాలు 2, 1.5 వోల్టుల బ్యాటరీలు 4, బ్రెడ్ బోర్డు, తీగలు. ఇంటి కరెంటును ఈ ప్రయోగానికి ఎన్నడూ వాడకండి.

కూర్చే విధానం

ట్రాన్సిస్టరు చదునైన ముఖం మీవైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకోండి. ఎడమనుండి వరుసగా కలెక్టరు, బేసు, ఎమిటరు. రెండు ఎమిటర్లనూ బ్యాటరీ ఋణధ్రువానికి కలపండి. ధనధ్రువం నుండి 470 ఓమ్‌ల రెసిస్టరు, దానికి ఎరుపు దీపం పొడవు కాలు, దాని పొట్టి కాలు మొదటి ట్రాన్సిస్టరు కలెక్టరుకు కలపండి. ఆకుపచ్చ దీపాన్ని ఇలాగే రెండవదానికి కలపండి. ఇప్పుడు 22 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో ఒకదాని కలెక్టరును రెండవదాని బేసుకు, రెండవదాని కలెక్టరును మొదటిదాని బేసుకు కలపండి. ప్రతి బేసుకూ ఋణధ్రువానికీ మధ్య ఒక బొత్తాం అమర్చండి.

ఎలా పనిచేస్తుంది?

మొదటి ట్రాన్సిస్టరు బేసు దగ్గరి బొత్తాం నొక్కండి. బేసుకు వెళ్లవలసిన కరెంటు పక్కదారి పట్టి, ఆ ట్రాన్సిస్టరు ఆగుతుంది. ఎరుపు దీపం ఆరుతుంది. అప్పుడు దాని కలెక్టరు వైపు నుండి రెండవదాని బేసుకు కరెంటు చేరి, ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. పనిచేస్తున్న రెండవ ట్రాన్సిస్టరు మొదటిదాని బేసుకు కరెంటు అందనివ్వదు. అందుకే వేలు తీసినా స్థితి మారదు. ఇద్దరు అన్నదమ్ములలో మేలుకున్నవాడు రెండవవాణ్ణి జోకొడుతున్నట్లన్నమాట! ఆరిన దీపం కాస్త మసకగా వెలిగితే కంగారుపడకండి. అది అవతలి బేసుకు వెళ్లే కొద్దిపాటి కరెంటే.

రెండు స్థితులలో ఏదో ఒకదానిలో నిలిచే ఇటువంటి వలయాన్ని 1918లో ఎకెల్స్, జోర్డాన్ అనే శాస్త్రజ్ఞులు వాక్యూమ్ ట్యూబులతో కట్టారు. ఇది ఒక 'బిట్' జ్ఞాపకం.

ఆట

ఇటువంటి వలయాలు నాలుగు కట్టి వరుసగా పెట్టండి. మీ మిత్రుడు బొత్తాలు నొక్కి తనకు నచ్చిన రంగుల వరుసను పెట్టాలి. మీరు అయిదు లెక్కపెట్టేవరకు చూడాలి. తరువాత అట్టతో కప్పి, మరొక మిత్రుని చేత 17వ ఎక్కం చెప్పించుకొని, అప్పుడు వరుసను నోటు పుస్తకంలో రాయాలి. అట్ట తీస్తే సరో తప్పో దీపాలే చెబుతాయి. తగవుకు చోటే లేదు! కప్పిన తరువాత మాత్రం బొత్తాలు తాకరాదు.

చివరగా బ్యాటరీ తీసి మళ్లీ పెట్టండి. మునుపటి వరుసే వస్తుందన్న నమ్మకం లేదు. కరెంటు ఉన్నంతసేపే ఈ జ్ఞాపకం. కంప్యూటరులో తాత్కాలిక జ్ఞాపకం చెరిగిపోవడం కూడా ఇటువంటిదే. పని మధ్యలో కరెంటు పోతే, భద్రపరచని పాఠం మాయమయ్యేది అందుకే.

ఒక ప్రశ్న: నాలుగు వలయాలతో 16 రకాల వరుసలు వస్తాయి. అయిదవది చేర్చితే ఎన్ని వస్తాయి? ముందు లెక్కకట్టి, తరువాత దీపాలతో సరిచూడండి.