పదో తరగతి పిల్లలకు విదేశీ కంపెనీల శిక్షణ

ప్రశ్న: మా అబ్బాయి పది చదువుతున్నాడు. విదేశీ కంపెనీల శిక్షణను నమ్మవచ్చా? – ఒక తండ్రి, పూరీ గేట్, ఖరగ్‌పూర్

జవాబు: కంపెనీ పేరును కాదు, పిల్లవాడి చేతికి ఏ పని వస్తుందో చూడండి. బెంగళూరు దగ్గరి బిడదిలో టయోటా 2007లో పెట్టిన శిక్షణ సంస్థ పది పాసైనవాళ్లను అక్కడే ఉంచి మూడేళ్లు పని నేర్పుతుంది. నైపుణ్యం అలాంటి ఓపికతోనే వస్తుంది. ఒక్కరోజు ఫ్యాక్టరీ చూపించి ఫొటోలు దిగే ఒప్పందాలతో రాదు. ఈ శిక్షణ చవకగా పని చేయించుకోవడానికేనన్న అనుమానం న్యాయమైనదే. అందుకే రాతపూర్వక ఒప్పందం, స్టైపెండ్, ప్రభుత్వం గుర్తించే సర్టిఫికెట్ ఉన్నాయో లేదో ముందే అడగండి. చదువు ఆగిపోతుందని భయమా? పని నేర్చుకోవడం కూడా చదువే. రైల్వే వర్క్‌షాపు అప్రెంటిస్‌కు సైతం పదితోపాటు ఐటీఐ అడుగుతారు. మీ ఊళ్లోనే జపాన్ భాగస్వామ్యంతో నడిచే టాటా హిటాచీ కర్మాగారం ఉంది. తోటి తల్లిదండ్రులతో కలిసి వెళ్లి, పిల్లలకు అక్కడ పని నేర్పించే ఏర్పాటు కోసం ప్రయత్నించమని హెడ్మాస్టరుగారిని గట్టిగా అడగండి.