సైకాలజీ చదివితే మందులు రాయొచ్చా?

ఇంటరైన పిల్ల సైకాలజీ చదువుతానంటే మన రాయలసీమలో తనకల్లులోనైనా కదిరిలోనైనా ఇంట్లోవాళ్లు మొదట అడిగేది ఇదే. రాయకూడదు. మందులు రాసేది ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన సైకియాట్రిస్టు. మాటలతో, పద్ధతి ప్రకారం నేర్పే సాధనలతో చికిత్స చేసేది క్లినికల్ సైకాలజిస్టు. వీళ్లిద్దరూ కాక మూడో రకం ఉన్నారు. యూనివర్సిటీలో పాఠం చెబుతూ, మనిషి మనసు ఎప్పుడు కుంగుతుంది, ఏ ఆసరా దొరికితే తేరుకుంటుంది అని పరిశోధించేవాళ్లు. మన ప్రాంతం పిల్లలకు ఈ మూడో దారే బాగా నప్పుతుందని నా అభిప్రాయం.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ పి.వి. రామమూర్తి ఆ దారిలోనే నడిచి ముసలితనాన్నే తన పరిశోధనగా ఎంచుకున్నారు. మన దేశంలో సైకాలజీవాళ్లు వృద్ధులను పెద్దగా పట్టించుకోని రోజులవి. అక్కడి సైకాలజీ విభాగంలో వృద్ధాప్య పరిశోధనకు ప్రత్యేకంగా ఒక కేంద్రమే ఏర్పడింది. అక్కడే ప్రొఫెసర్ డి. జమున వృద్ధుల బాగోగులతో పాటు వాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్ల భారాన్నీ అధ్యయనం చేశారు.

తనకల్లు మండలంలో ఇది పుస్తకాల సంగతి కాదు. వాన మొహం చాటేసి శెనక్కాయ పంట పోతే కొడుకూ కోడలూ బెంగళూరు బస్సెక్కుతారు. ఇంట్లో అవ్వ, తాత, ఒక్కోసారి మనవళ్లు మిగులుతారు. అవ్వకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఆమెను నిలబెట్టేది నెలనెలా వచ్చే డబ్బా, రోజూ వచ్చే ఫోనా, సాయంత్రం అరుగు మీద కూర్చునే పక్కింటావిడా? రచ్చబండ మీద ఎవరి జవాబు వాళ్లకుంటుంది. పరిశోధకులు మాత్రం వలస పోయిన ఇళ్లనూ పోని ఇళ్లనూ ఎంచుకుని అందరినీ ఒకే తీరున ప్రశ్నలడుగుతారు. వయసు, జబ్బు, అప్పు వల్ల వచ్చే తేడాను విడదీస్తారు. కుదిరితే ఏడాది తర్వాత మళ్లీ అవే గడపలు తొక్కుతారు. ఎథిక్స్ కమిటీ అనుమతి, ఆ అవ్వ సమ్మతి లేకుండా ఒక్క ప్రశ్నా అడగరు. ఆమె పేరు బయటికి రానివ్వరు. ఆ ఇంటి గుమ్మంలో ఎలా కూర్చోవాలో, మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిన బిడ్డకు ఈ పనిలో సగం ముందే వచ్చినట్టు.

పని కొరత లేదు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. వాళ్లలో నూటికి 80 మందికి పైగా చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. ఆ 12లో ఆంధ్రప్రదేశూ లేదు, తెలంగాణా లేదు! పల్లెల్లో చేసిన పని ఎంత దూరం పోతుందో చూడాలంటే పక్క రాష్ట్రం కర్ణాటకలోని బళ్లారే చాలు. అక్కడ 1980లలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణ ఇచ్చి చూసిన ప్రయోగమే, 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయింది.

ఇక చదువు. డిగ్రీలో సైకాలజీ లేకపోయినా పీజీలో చేరే వీలు కొన్నిచోట్ల ఉంటుంది. ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోండి. తిరుపతితో పాటు ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హెల్త్ సైకాలజీకి వేరే కేంద్రం ఉంది. లెక్కలు తప్పించుకోవడానికి సైకాలజీకి వచ్చేవాళ్లకు ఒక మాట: స్టాటిస్టిక్స్ ఇక్కడా వదలదు. పీజీ అయ్యాక యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 అందుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ.57,700తో మొదలవుతుంది. కానీ యూనివర్సిటీ పోస్టుల భర్తీ ఏళ్లకేళ్లు సాగుతుంది. ఇంటి అప్పు మీ నెత్తిన ఉంటే ఈ ఆలస్యాన్ని ముందే లెక్కేసుకోవాలి.

ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో కానిద్దామనుకుంటే, 2025 జులై-ఆగస్టు విడత నుంచి సైకాలజీని ఆ పద్ధతిలో నడపవద్దని యూజీసీ ఆదేశించింది. పాత ప్రకటనలు చూసి ఫీజు కట్టకండి. చికిత్స వైపు వెళ్లాలనుకునేవాళ్లు రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సులోనే చేరాలి. మూడు నెలల్లో కౌన్సెలర్‌ను చేస్తామనే సర్టిఫికెట్ ఆ గుర్తింపుకు సాటిరాదు.

తమ మనసు బాగాలేక, దాన్ని అర్థం చేసుకోవడానికే ఈ చదువుకు వచ్చేవాళ్లూ ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కాకపోతే పీజీ సీటు వచ్చేదాకా ఆగకండి. ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.