సైకిళ్ల పట్నం

అక్కల్లారా! మీలో సైకిలు తొక్కడం ఎందరికి వచ్చు? ఈ పాఠంలో ఒక సైకిళ్ల పట్నం చూసొద్దాం.

డెన్మార్క్ ఒక చిన్న దేశం. ఐరోపా ఖండంలో ఉత్తరాన ఉంది. జనం సుమారు 60 లక్షలు. దాని రాజధాని కోపెన్‌హాగెన్. ఆ పట్నానికి కొత్తగా వెళ్లినవాళ్ల కంట మొదట పడేవి సైకిళ్లే.

పొద్దున్నే సైకిళ్లు బారులు తీరి వస్తాయి. ఆఫీసుకు పోయే ఆమె, బడికి పోయే పిల్లలు, తల నెరిసిన ముసలాయన, అందరూ సైకిలు మీదే. కొన్ని సైకిళ్లకు మూడు చక్రాలు, ముందు ఒక పెద్ద పెట్టె ఉంటాయి. ఆ పెట్టెలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టుకుని తల్లి తొక్కుకుంటూ పోతుంది. కూరగాయల సంచీ కూడా అందులోనే.

పాపం, పేదవాళ్లేమో అనుకునేరు! డెన్మార్క్ ధనిక దేశం. కారు కొనగలవాళ్లు కూడా సైకిలెక్కుతారు.

మరి భయం వెయ్యదా? అక్కడ పెద్ద రోడ్ల మీద కార్ల దారి వేరు. సైకిళ్ల దారి వేరు. నడిచేవాళ్ల దారి వేరు. సైకిళ్ల దారి కాస్త ఎత్తుగా, గట్టు కట్టి ఉంటుంది. ఆగాలనుకుంటే చెయ్యి పైకెత్తి వెనకవాళ్లకు తెలపాలి. డిసెంబరులో నాలుగు గంటలు కాకముందే పొద్దు గుంకుతుంది. చీకట్లో సైకిలుకు దీపాలు లేకపోతే జరిమానా వేస్తారు.

ఇంకో వింత. కాఫీ హోటలు బయట, తోపుడు బండిలో పసిబిడ్డ హాయిగా నిద్రపోతుంటుంది. తల్లి లోపల కూర్చుని అద్దంలోంచి చూసుకుంటుంది. వీధి మీద ఆమెకు అంత నమ్మకం.

ఈ దారులన్నీ ఊరికే రాలేదు. 1960ల నాటికి అక్కడా కార్లు పెరిగాయి, సైకిళ్లు తగ్గాయి. 1973లో పెట్రోలుకు కరువొచ్చింది. ఆదివారాలు కార్లు నడపొద్దని ప్రభుత్వం చెప్పింది. ఖాళీ రోడ్ల మీద జనం నడిచారు, సైకిళ్లు తొక్కారు. ఆ తర్వాత కొన్నేళ్లకు వేలమంది సైకిళ్ల మీద ఊరేగింపు తీశారు. మాకూ దారి కావాలని అడిగారు. అడగ్గా అడగ్గా దారులు పెరిగాయి.

రోడ్డు కారున్నవాళ్లకే కాదు. నడిచే తల్లికీ, బడికెళ్లే పిల్లకీ కూడా.

మాట్లాడుకుందాం
1. 1973లో డెన్మార్క్‌లో ఏం జరిగింది?
2. మీ ఊరి ఆడపిల్లలు బడికి ఎలా వెళ్తున్నారు? ఆ దారిలో భయం ఎక్కడ?
3. ఆ దారి బాగు చెయ్యమని పంచాయతీకి నాలుగు మాటల్లో అర్జీ రాయండి. కింద మీ సంతకం మీరే పెట్టండి.