చీటీ చదవలేని వారికి మందు ఇచ్చేటప్పుడు



జబ్బు వల్ల చనిపోవడం వేరు, జబ్బుకు చేసిన వైద్యం వల్ల చనిపోవడం వేరు. ఈ రెండవదాని గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం వైద్యం పొందే ప్రతి 10 మందిలో సుమారు ఒకరికి ఆ వైద్యం వల్లనే ఏదో ఒక హాని జరుగుతున్నది. సురక్షితం కాని వైద్యం వల్ల ఏటా 30 లక్షలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయి. ఈ హానిలో సగానికి పైగా ఆపగలిగినదే. అలా ఆపగలిగిన దానిలో సుమారు సగం మందులకు సంబంధించినది.

అయితే ఈ హాని అందరి మీదా ఒకేలా పడదు. చదువుకున్న రోగి "సిస్టర్, ఈ మాత్ర నిన్న లేదు కదా, ఇది దేనికి?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఎన్నో పొరపాట్లు మంచం దగ్గరే ఆగిపోతాయి. చదువురాని అవ్వ ఏది చేతిలో పెడితే అది మింగుతుంది. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో చదవడం, రాయడం వచ్చినవారు సుమారు 59 శాతం మాత్రమే. తెలుగులో పదో తరగతి చదివినవారికి కూడా మాత్రల అట్ట మీద ఉండే ఇంగ్లీషు సరిగా అర్థం కాదు. ఈ విషయం మనం మరచిపోతుంటాము.

ఒక మందును ఉదాహరణగా తీసుకుందాం. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కు మెథోట్రెక్సేట్ అనే మాత్ర ఇస్తారు. దీనిని వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకోవాలి. మనవాళ్ళకు మాత్ర అంటే రోజూ వేసుకునేదే. బి.పి. మాత్ర, షుగరు మాత్ర అలాగే అలవాటయ్యాయి. పొరపాటున ఇది రోజూ వేసుకుంటే కొద్ది రోజుల్లోనే నోరంతా పూస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. ఎముకల లోపలి మజ్జ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం పోవచ్చు. అనేక దేశాలలో ఇలా మరణాలు జరిగాయి. 2019లో ఐరోపా మందుల సంస్థ దీని కోసమే ప్రత్యేకమైన జాగ్రత్తలు సూచించింది. ఇంకో చిక్కు ఏమిటంటే, దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. రెండూ చిన్న పసుపు మాత్రలే కావచ్చు. ఒకదాని బదులు ఒకటి వేసుకుంటే ఇక చెప్పనక్కర లేదు.

అందుచేత ఈ మాత్ర ఇచ్చేటప్పుడు "వారానికి ఒకసారి" అంటే చాలదు. ఏ వారమో పేరు పెట్టి చెప్పాలి. ఆ ఊరి సంత రోజు అడిగి, "సంత నాడే ఈ మాత్ర, వేరే రోజు ముట్టుకోవద్దు" అని చెబితే వారికి బాగా గుర్తుంటుంది. నోరు పూసిందంటే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి రమ్మనాలి. త్వరగా వస్తే విరుగుడు మందు ఉన్నది.

ఇన్సులిన్ సంగతి కూడా ఇలాంటిదే. మన దేశంలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే బుడ్డి, 100 యూనిట్లు ఉండే బుడ్డి రెండూ దొరుకుతాయి. 40 దానికి ఎర్ర మూత సిరంజి, 100 దానికి నారింజ రంగు మూత సిరంజి. 100 యూనిట్ల బుడ్డిలోనుంచి ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు మందు లోపలికి పోతుంది. రోగి నిద్రలోనే స్పృహ తప్పవచ్చు. అంకెలు చదవలేని వారికి మూత రంగు చూపించి నేర్పండి. మందుల షాపుకు పోయేటప్పుడు పాత బుడ్డి, పాత సిరంజి రెండూ వెంట తీసుకువెళ్ళమనండి.

"చెప్పాము కదా, అర్థమైందన్నారు కదా" అని మన సిస్టర్లు అంటుంటారు. 2006లో అమెరికాలో 395 మంది రోగులపై జరిగిన ఒక అధ్యయనం దీనికి జవాబు చెప్పింది. "రెండేసి మాత్రలు రోజుకు రెండుసార్లు" అన్న చీటీని, చదువు తక్కువ ఉన్నవారిలో వందకు 71 మంది సరిగానే ఒప్పజెప్పారు. మరి రోజుకు వేసుకోవలసిన మాత్రలు లెక్కపెట్టి చూపించమంటే వందకు 35 మందే చూపగలిగారు. ఒప్పజెప్పడం వేరు, చేయడం వేరు. కాబట్టి "అర్థమైందా?" అని అడగవద్దు. పెద్దల ముందు కాదనలేక ఎవరైనా తల ఊపుతారు. మాత్రలు వారి చేతికిచ్చి "పెద్దమ్మా, రేపు పొద్దున ఏవి వేసుకుంటావో నాకు తీసి చూపించు" అనండి. తప్పు తీస్తే విసుక్కోకుండా మళ్ళీ చెప్పండి. అట్టల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేయండి.

ఇంట్లో ఎన్ని పూటలు తింటారో కూడా అడగాలి. కూలికి పోయేవారు కొందరు రెండు పూటలే తింటారు. శనివారం ఒక్కపొద్దు ఉండేవారు, శ్రమల దినాలలో ఉపవాసం చేసేవారు, రోజా ఉండేవారు షుగరు మాత్ర మాత్రం మానరు. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రతో, ముఖ్యంగా వృద్ధులలో, ఇది చాలా ప్రమాదం.

వేలిముద్ర గురించి ఒక మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద వందకు సుమారు ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది, తెలంగాణలో సుమారు ఎనిమిది మంది. చదువులేని స్త్రీలలో ఇది ఎక్కువ. వారిలో వయసు మళ్ళినవారు ఎక్కువ ఉండటం కొంత కారణం కావచ్చు గాని, అదే పూర్తి కారణమని నేననుకోను. తెల్లబట్టకు, నడుము నొప్పికి "తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెడితే వారు ఎవరిని అడుగుతారు? అవసరం లేని ఆపరేషన్‌కు కూడా మత్తు, రక్తస్రావం, చీము పట్టడం అనే ప్రమాదాలు ఉండనే ఉంటాయి. వేలిముద్ర తీసుకునే ముందు, ఆపరేషన్ కాకుండా వేరే మార్గం ఏమున్నదో ఆమెకు తన భాషలో చెప్పారా అని డాక్టరుగారిని అడిగే హక్కు వార్డు సిస్టరుకు ఉన్నది.

చదువు సంగతి రోగులతోనే ఆగదు. 2014లో ఐరోపాలోని 9 దేశాలు, 300 ఆసుపత్రులలో ఆపరేషన్ అయిన 4 లక్షల 20 వేలకు పైగా రోగుల వివరాలు పరిశీలించారు. డిగ్రీ చదివిన నర్సుల వాటా ప్రతి 10 శాతం పెరిగినకొద్దీ 30 రోజులలోపు మరణించే అవకాశం 7 శాతం తక్కువగా కనిపించింది. ఒక నర్సుకు ఒక్క రోగి అదనమైతే ఆ అవకాశం 7 శాతం ఎక్కువగా ఉన్నది. నేను డిప్లొమా చదివినదాన్నే, అయినా ఇది చదివి నొచ్చుకోలేదు. మన పిల్లలు పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ.కి వెళతామంటే సెలవు ఇవ్వాలి, పంపాలి. అయితే రెండవ అంకెను వదిలేసి మొదటిదే పట్టుకోవడం న్యాయం కాదు. రాత్రి డ్యూటీలో 40 పడకలకు ఒక్క సిస్టరు ఉంటే, ఆమె ఏ డిగ్రీ చదివినా మాత్రలు తీసి చూపించమనే తీరిక ఉండదు. అలాంటి జనరల్ వార్డులోనే కదా చదువులేనివారు పడుకునేది.

అందుకే డిశ్చార్జి కాగితాలు సాయంత్రం గుంపుగా కాకుండా, ఉదయం రౌండ్సు అయిన వెంటనే మొదలుపెట్టమని మా వార్డులలో చెబుతున్నాను. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు, మందులు మంచం మీద పరచి, ఇంట్లో మందు ఇచ్చే మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టుకోవాలి. ఆ మనిషి బిల్లు కట్టే లైనులో ఉంటే, వచ్చేదాకా ఆగాలి.