ప్రాజెక్టు బ్యాచ్ విడిపోయే ముందు

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు వైవా అయ్యాక సెల్ఫీలు, బిర్యానీ, అంతే! మర్నాటి నుంచి ఒకరు కోచింగ్‌కి అమీర్‌పేట, ఇంకొకరు ఉద్యోగానికి బెంగళూరు, మరొకరు గేట్ పుస్తకాలతో ఇంట్లో. ఆ తర్వాత ఏదో ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్టులో మీరేం చేశారు?’ అని అడిగితే చాలామంది ‘అందరం కలిసి చేశాం సర్’ అని ఊరుకుంటారు. ఆ జవాబుతో ఇంటర్వ్యూ చేసేవారికి మీ గురించి ఏమీ తెలియదు.

బృందాల తీరుపై అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో నాలుగు దశలు చెప్పారు: ఏర్పడటం, గొడవపడటం, సర్దుకోవడం, పని సాధించడం. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి ఐదోది చేర్చారు: పని ముగించి విడిపోవడం. కాలేజీ రివ్యూలు ఈ ఐదో దశ దాకా రావు. దాన్ని బ్యాచే చూసుకోవాలి.

ఒక గంట కూర్చోండి

ఎవరేం చేశారు, ఎక్కడ చిక్కుకున్నారు, ఎలా బయటపడ్డారు... ముగ్గురు నలుగురూ కలిసి రాసుకోండి. ఉదాహరణకు, టమాటా ఆకు ఫొటోతో తెగులును గుర్తించే యాప్ చేశారనుకుందాం. ‘డేటా కలెక్షన్ చేశాను’ అంటే సరిపోదు. ‘ఇంటర్నెట్లో దొరికిన ఫొటోలన్నీ శుభ్రమైన బ్యాక్‌గ్రౌండ్‌తో ఉన్నాయి. తోటలో ఎండానీడల్లో తీసిన ఫొటోలకు యాప్ తడబడింది. మదనపల్లె దగ్గర తోటలకు వెళ్లి కొత్త ఫొటోలు తెచ్చాను, మోడల్‌కు మళ్లీ ట్రైనింగ్ ఇచ్చింది నా ఫ్రెండ్’ అనండి. మీ వంతూ తెలుస్తుంది, పక్కవాళ్ల పనిని మీ ఖాతాలో వేసుకోరనీ తెలుస్తుంది.

గొడవల సంగతి

పేరుకే బ్యాచ్‌లో ఉండి పని ముట్టనివాళ్లు దాదాపు ప్రతిచోటా ఉంటారు. ‘టీమ్‌లో విభేదాలు వస్తే ఏం చేశారు?’ అన్నది హెచ్‌ఆర్ రౌండ్లో తరచూ వచ్చే ప్రశ్న. అక్కడ పేర్లు చెప్పి తిట్టిపోయకండి. పని మళ్లీ ఎలా పంచుకున్నారో, గడువు ఎలా అందుకున్నారో చెప్పండి.

వెళ్లే ముందు

- కోడ్, రిపోర్టు, పీపీటీ అందరి దగ్గరా ఉండేలా చూడండి. కాలేజీ మెయిల్‌తో తెరిచిన డ్రైవ్‌లో ఉంటే సొంత మెయిల్‌కు మార్చుకోండి. కాలేజీ ఐడీ మూసేస్తే అన్నీ పోతాయి.
- రెజ్యుమెల్లో ప్రాజెక్టు పేరు, వివరాలు అందరివీ ఒకేలా ఉండాలి. ఒకే ప్లేస్‌మెంట్ డ్రైవ్‌కి ఇద్దరు వెళ్తే తేడాలు ఇట్టే దొరికిపోతాయి.
- గ్రూపులో ‘థాంక్యూ ఆల్’ పెట్టి ఊరుకోకండి. ‘రివ్యూ ముందు రాత్రి సర్వర్ ఆగిపోతే తెల్లవార్లూ కూర్చున్నావు’ అని ఎవరికి వారికి విడిగా రాయండి. గైడ్‌నీ, ల్యాబ్ అసిస్టెంట్‌నీ మర్చిపోవద్దు.

చాలా కంపెనీలు ఉద్యోగుల రిఫరల్స్‌తోనూ మనుషుల్ని తీసుకుంటాయి. రేపు మీ రెజ్యుమెను లోపలికి పంపేది ఈ నలుగురిలో ఒకరు కావచ్చు. మీరు ఎలా పనిచేస్తారో వాళ్లు దగ్గరుండి చూశారు. పైవాళ్లు అడిగితే వాళ్లు చెప్పేది కూడా అదే.