దూదిపుల్ల ఇచ్చే ముందు ఇంట్లో మాట్లాడండి

మాదాపూర్, గచ్చిబౌలి వైపు కంపెనీల్లో పనిచేసే మన యౌవనస్థులలో కొందరికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. ఆఫీసులో ఒక బల్ల వేసి, ఫారం నింపించి, దూదిపుల్లతో బుగ్గ లోపల రుద్ది పంపిస్తారు. మూలుగ దాతగా పేరు నమోదు చేసుకోవడమంటే అదే. 2009లో చెన్నైలో మొదలైన దాత్రి సంస్థ ఇలాంటి శిబిరాలు నడుపుతోంది. ఇంట్లో పెద్దలకు మాత్రం ఆ సంగతి సాధారణంగా తెలియదు. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

మూలుగ అంటే ఎముకల లోపలి మెత్తని పదార్థం. మన రక్తకణాలన్నీ అక్కడే తయారవుతాయి. తీవ్రమైన తలసీమియా ఉన్న బిడ్డకు మంచి ఎర్రకణాలు తయారుకావు కనుక రెండు నుండి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇలాంటి పిల్లల కోసమే హైదరాబాదులో 1998లో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. రక్తం ఎక్కించేకొద్దీ ఇనుము గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది, దానికి మళ్ళీ వేరే మందులు. ఈ బాధ తప్పించగల చికిత్స మూలుగ మార్పిడి. మిషన్ ఆసుపత్రియైన వేలూరు సి.ఎం.సి.లో ఇది 1986లోనే మొదలైంది. ఇప్పుడు మన హైదరాబాదులోనూ చేస్తున్నారు. కొన్ని రకాల రక్త కాన్సర్లకు, మూలుగ ఎండిపోయే ఏప్లాస్టిక్ అనీమియాకు కూడా ఇదే చికిత్స.

"మా ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు, నేనివ్వవచ్చా?" అని చాలామంది అడుగుతారు. ఇక్కడ చూసేది బ్లడ్ గ్రూపు కాదు, హెచ్.ఎల్.ఏ. గుర్తులు. ఇవి సగం తండ్రి నుండి, సగం తల్లి నుండి వస్తాయి. కాబట్టి ఒక తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. గ్రూపు వేరైనా మార్పిడి చేయవచ్చు. తరువాత రోగి గ్రూపు మెల్లగా దాత గ్రూపుగా మారిపోతుంది!

గుర్తులు కలవకపోతే కొత్త మూలుగ నుండి పుట్టిన తెల్లకణాలు రోగి చర్మాన్ని, పేగులను, కాలేయాన్ని పరాయివనుకొని దాడి చేస్తాయి. కలిసినా కొంత భయం ఉంటుంది. దీన్ని అణచడానికి వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. 1940లలో లెడర్లీ కంపెనీలో ఆ మందుకు దారి వేసిన పరిశోధక బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

తోబుట్టువు కలవకపోతే తల్లిదండ్రుల నుండి సగం కలిసిన మూలుగతో చేసే పద్ధతి ఉంది. లేదా బయటి దాతను వెదకాలి. ఒకే ప్రాంతం, ఒకే జనంలో గుర్తులు కలిసే అవకాశం ఎక్కువ గనుక తెలుగు బిడ్డకు తెలుగు దాత దొరకడమే సులువు.

పేరిచ్చిన కొన్నేళ్ళకు ఫోన్ రావచ్చు, ఎన్నటికీ రాకనూ పోవచ్చు. వచ్చినప్పుడు అబ్బాయి సిద్ధంగానే ఉంటాడు. అమ్మ ఏడుస్తుంది, అత్తగారు వద్దంటారు. వెన్నెముకలోంచి తీస్తారట, పిల్లలు పుట్టరట అని. ఇవి నిజం కావు. ఎక్కువగా చేసేది ఇదే: నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పిస్తారు. తరువాత ప్లేట్‌లెట్లు ఇచ్చినట్లే చేతి నరం నుండి యంత్రం ద్వారా కొన్ని గంటల్లో సేకరిస్తారు. ఆ రోజుల్లో ఒళ్ళు నొప్పులు, తలనొప్పి ఉంటాయి, అవి తగ్గిపోతాయి. అరుదుగా మూలుగనే తీయవలసివస్తే మత్తు ఇచ్చి తుంటి ఎముక నుండి తీస్తారు, వెన్ను నుండి కాదు. ఇచ్చినది కొన్ని వారాల్లో మళ్ళీ తయారవుతుంది.

కాదనే హక్కు దాతకు ఎప్పుడూ ఉంది. అయితే ఎప్పుడు కాదంటారన్నది ముఖ్యం. మార్పిడికి ముందు రోగికి కొన్ని రోజులపాటు బలమైన మందులిచ్చి అతని సొంత మూలుగను పూర్తిగా తీసివేస్తారు. ఆ తరువాత దాత వెనుదిరిగితే ఆ బిడ్డ ప్రాణం నిలవడం కష్టం. సందేహముంటే మొదటి ఫోన్‌కే చెప్పేయండి, వాళ్ళు వేరొకరిని వెదుక్కుంటారు. అంతకన్నా మంచిది, ఫారం నింపక ముందే భార్యతోనో, భర్తతోనో, తల్లిదండ్రులతోనో మాట్లాడడం. వాళ్ళకు భయాలుంటే మన ఓ.పి.కి తీసుకురండి, డాక్టరు గారు వివరిస్తారు.

ఇప్పటికే పేరిచ్చినవారికి ఒక మాట. ఉద్యోగం మారి బెంగుళూరుకో, అమెరికాకో వెళ్ళి ఫోన్ నంబరు మార్చారా? కొత్త నంబరు రిజిస్ట్రీకి తెలియజేయండి.